ఫకీరు గొంతు ఎటునుంచి రావాలి?



భయం, ప్రేమ, పాట మూడూ కలిసిన రంగస్థల నాటకాన్ని వెండితెర మీదికి ఎలా తేవాలన్నది ఇవాళ్టి విషయం. కుర్రవాళ్ళకు ఈ మాట అనగానే ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా’ గుర్తొస్తుంది. పారిస్ నాటకశాల కింది నేలమాళిగల్లో ముసుగు తొడుక్కుని బతికే సంగీతజ్ఞుడు, పైన పాడే పిల్లను ప్రేమించి కిందికి లాక్కుపోతాడు, అదీ కథ. నాకు మాత్రం మాయల ఫకీరు గుర్తొస్తాడు. ఎవరూ చేరలేని చోట కాపురముండి, వేషం మార్చుకుని వచ్చి, తనకు దక్కని ఆడదాన్ని ఎత్తుకుపోయి, ఆమె ఎప్పుడు ఊ అంటుందా అని ఏళ్ళకేళ్ళు కాచుకున్నవాడు. వాణ్ణి మనం పారిస్ నుంచి తెచ్చుకోనక్కర్లేదు.

బాలనాగమ్మ కథ తెలియని ఇల్లు ఒకప్పుడు లేదు. ఇప్పుడు ఉన్నాయి కాబట్టి నాలుగు ముక్కల్లో చెబుతాను. అక్కచెల్లెళ్ళు ఏడుగురిలో చిన్నది బాలనాగమ్మ, కార్యవర్ధి రాజు భార్య. ఉయ్యాలలో పసివాడున్నాడు. మగవాళ్ళు ఊళ్ళో లేని వేళ ఫకీరు జంగమదేవర వేషంలో భిక్షకు వచ్చి, కాపుగా గీసిన గీతను ఆమె చేత దాటించి, కుక్కను చేసి తన గట్టుకు తోలుకుపోతాడు. వెతుక్కుంటూ వెళ్ళిన మొగుడూ బావలూ రాళ్ళైపోతారు. నోము పట్టానని చెప్పి ఆమె వాణ్ణి దూరం పెడుతూ వస్తుంది. ఆ ఉయ్యాలలో పిల్లవాడే, బాలవర్ధి, పద్నాలుగేళ్ళకు వచ్చి, దీవిలో చిలకలో దాచిన ఫకీరు ప్రాణం తీసి తల్లిని విడిపిస్తాడు.

ఈ కథను బుర్రకథ దళాలు చెప్పాయి, శారదకథల వాళ్ళు చెప్పారు, మన పల్లెల్లో బాగోతంగా ఆడారు, సురభి వాళ్ళు నాటకం కట్టారు. సురభి గురించి ఈ ఊళ్ళో ఎక్కువ చెప్పక్కర్లేదు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు గారు కీచకవధతో మొదలుపెట్టిన ఆ సమాజం శాఖలు శాఖలుగా ఊళ్ళు తిరిగి తిరిగి, చివరికి కొన్ని కుటుంబాలు మన పక్కనే లింగంపల్లిలో సురభి కాలనీగా స్థిరపడ్డాయి. పటాన్‌చెరులో బస్సెక్కి రామచంద్రాపురం, బీహెచ్‌ఈఎల్ దాటితే వచ్చేది అదే. ఆ సంప్రదాయాన్ని నిలబెట్టిన రేకందార్ నాగేశ్వరరావు గారికి, మనందరికీ సురభి బాబ్జీ గారికి, 2013లో పద్మశ్రీ వచ్చింది. ఆడవేషాలు మగవాళ్ళు కట్టే కాలంలోనే సురభిలో ఆడవేషాలు ఆడవాళ్ళే వేశారు. బాలనాగమ్మ లాంటి కథకు అది చాలా పెద్ద తేడా. ఎత్తుకుపోయిన ఆడదాని గొంతు అచ్చంగా ఆడగొంతైతే ముందు వరసలో కూర్చున్న అమ్మలక్కల మొహాలు ఎలా మారతాయో చూసినవాళ్ళకు తెలుసు.

తెలుగు సినిమాకు మాట వచ్చిందే సురభి నాటకంతో. 1932లో విడుదలైన ‘భక్త ప్రహ్లాద’కు హెచ్.ఎం. రెడ్డి గారు బొంబాయికి తీసుకుపోయింది సురభి నాటకాన్నీ నటుల్నీ. సురభి కమలాబాయి గారు లీలావతి. అప్పుడు ఎవరికీ సందేహాల్లేవు. నాటకాన్ని కెమెరా ముందు ఆడితే సినిమా. పదేళ్ళు తిరిగేసరికి ఆ ధీమా పోయింది. 1942లో జెమినీ వాసన్ గారు ‘బాలనాగమ్మ’ తీసేటప్పటికి సినిమాకు తన పద్ధతులు వచ్చేశాయి. సి. పుల్లయ్య గారి దర్శకత్వం, బలిజేపల్లి లక్ష్మీకాంత కవి గారి మాటలు. కాంచనమాల బాలనాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీ, అంటే మన ఫకీరు, బందా కనకలింగేశ్వరరావు కార్యవర్ధి, పుష్పవల్లి ఫకీరును కోరుకునే సంగు. ఈ పట్టికను ఒకసారి తీరిగ్గా చూడండి. సత్యహరిశ్చంద్రీయం రాసి ఊరూరా కాటిసీను ఆడించిన బలిజేపల్లి వారు మాటలు రాశారు. బందా వారు రంగస్థలం మీద పేరు మోసినవారు. గోవిందరాజుల వారూ నాటకం మనిషే. అంటే జెమినీ వాళ్ళు కథను సినిమాకు తగ్గట్టు మార్చుకున్నా, గొంతుల్ని మాత్రం నాటకం నుంచే తెచ్చుకున్నారు. ఆ సినిమా జెమినీకి నిలదొక్కుకునే బలమిచ్చింది. అదే ఏడాది ఎస్. వరలక్ష్మి గారితో ‘శాంత బాలనాగమ్మ’ అని పోటీగా ఇంకొకటి వచ్చింది. 1954లో జెమినీ వాళ్ళే హిందీలో మధుబాలతో ‘బహుత్ దిన్ హువే’గా తీశారు. 1959లో వేదాంతం రాఘవయ్య గారు రామారావు, అంజలీదేవి, ఎస్వీ రంగారావులతో మళ్ళీ తెలుగులో తీశారు. ఇన్నిసార్లు తీసిన కథలో ఇంకా మిగిలిందేమిటని మీరడగొచ్చు. చాలా మిగిలిందని నా ఉద్దేశం. అది ఎక్కడ మిగిలిందో చెప్పాలంటే ఒకసారి లండన్ పోయి రావాలి.

ఆండ్రూ లాయిడ్ వెబ్బర్ ‘ఫాంటమ్’ లండన్‌లో 1986 అక్టోబరులో మొదలైంది. న్యూయార్కు బ్రాడ్‌వేలో 1988 నుంచి 2023 ఏప్రిల్ దాకా 13,981 ప్రదర్శనలు ఆడింది. దానికి మూలం గాస్టన్ లెరూ అనే ఫ్రెంచి పత్రికా రచయిత రాసిన నవల. ఆ నాటకంలో అందరికీ గుర్తుండేది పెద్ద షాండిలియర్. మొదటి అంకం చివర అది పైనుంచి దూసుకొచ్చి వేదిక మీద పడుతుంది. ఇది పూర్తిగా కల్పన కాదు. పారిస్ ఒపేరాలో 1896లో షాండిలియర్‌ను మోసే ప్రతిభారం ఒకటి తెగి పడి ఒక మనిషి ప్రాణం తీసింది. నాటకంలో ఆ దీపాన్ని వేలాడదీసింది ఎక్కడో గమనించండి. ప్రేక్షకుల నెత్తి మీద. టికెట్టు కొని కింద కూర్చున్నవాడు గంటసేపు మెడ పైకెత్తి ఒకసారి, కళ్ళు మాత్రం పైకి తిప్పి ఒకసారి దాన్ని చూస్తూనే ఉంటాడు. అది పడుతుందని వాడికి ముందే తెలుసు.

ఈ సంగతి లండన్ వాళ్ళకంటే ఫ్యాక్టరీల్లో పనిచేసే మీకు బాగా అర్థమవుతుంది. భారీ పరిశ్రమలో చేరిన కొత్త కుర్రాడికి మొదటి రోజు చెప్పే మొదటి మాట ఏమిటి? వేలాడే బరువు కింద నిలబడకు. పైన క్రేను కదులుతుంటే తలెత్తకుండానే దాని నీడ ఎటు పోతోందో షాపులో పనిచేసేవాడి ఒళ్ళు కనిపెడుతుంది. ఆ భయం కళ్ళలో ఉండదు, మెడ వెనక ఉంటుంది.

2004లో జోయెల్ షూమాకర్ ‘ఫాంటమ్’ను సినిమాగా తీశాడు. అందులో షాండిలియర్ కూలడాన్ని కథ చివరికి జరిపాడు. పడటం బ్రహ్మాండంగా చిత్రించాడు, మంటలు, జనం పరుగులు, అన్నీ ఉన్నాయి. కానీ అది పడింది తెరలో ఉన్నవాళ్ళ మీద. మన మీద కాదు. మనం సురక్షితంగా కూర్చుని ఎవరికో జరిగిన ప్రమాదాన్ని చూశాం. నాకు ఆ సినిమాతో పేచీ అంతా ఇక్కడే. ముసుగు వెనక మొహం మరీ అందంగా ఉందని, ఫాంటమ్ వేసిన జెరార్డ్ బట్లర్‌ది ఒపేరా గొంతు కాదని విమర్శకులు అన్నారు. అవి చిన్న సంగతులు. అసలు నష్టం కూర్చున్న చోటుది. నాటకం ప్రేక్షకుణ్ణి దీపం కింద కూర్చోబెట్టింది. సినిమా పక్కకు లేపి గోడవారన నిలబెట్టింది.

అయితే షూమాకర్ ఒక పని మాత్రం అద్భుతంగా చేశాడు. సినిమా మొదలయ్యేది 1919లో, నలుపు తెలుపుల్లో. పాడుబడిన నాటకశాలలో సామాన్ల వేలం జరుగుతుంటుంది. దుమ్ము పట్టిన షాండిలియర్ పైకి లేస్తుండగా బూడిద రంగు కరిగి, బంగారు రంగు పాకి, 1870 నాటి నాటకశాల మన కళ్ళ ముందు నిండిపోతుంది. ఇలా రంగు కరిగి కాలం మారడం వేదిక మీద సాధ్యమయ్యేది కాదు, సినిమా మాత్రమే చేయగలిగింది. నాటకాన్ని తెరకెక్కించేవాడు వెతకాల్సింది ఇలాంటి చోట్లు.

కాబట్టి నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. నాటకం నుంచి తెరకు తేవాల్సిన వాటిలో కథ సులువైనది. దాన్ని ఎవరైనా తెస్తారు. కష్టమైనది ప్రేక్షకుడు కూర్చున్న చోటును తేవడం. భయపెట్టే నాటకంలో ప్రేక్షకుడూ పాత్రే. వాణ్ణి తెర ముందు ఎక్కడ కూర్చోబెట్టాలో తేల్చుకోకుండా మొదటి షాటు పెట్టకూడదు.

మాయల ఫకీరు విషయంలో ఆ చోటు ఏది? ఎత్తుకుపోయే సీను తీసుకుందాం. సినిమావాళ్ళు దాన్ని ఎప్పుడూ ఫకీరు వైపు నుంచే మొదలుపెడతారు. గడ్డం, కనుబొమలు, జోలె, కళ్ళ మీదికి కెమెరా. రంగారావు గారి లాంటి నటుడు చేతిలో ఉంటే ఎవరికైనా ఆ ఆశ పుడుతుంది. కానీ గుడారంలో నాటకం చూసిన వాళ్ళను అడగండి. ఫకీరు కనబడకముందే వినబడతాడు. లోపలెక్కడో గంట, శంఖం, ఆ తర్వాత భిక్ష అడిగే రాగం. గంటా శంఖమూ భయపెట్టే చప్పుళ్ళు కావు, మీ ఇంటి ముందుకు జంగమయ్య వస్తే రోజూ వినే చప్పుళ్ళే. రోజూ విన్న చప్పుడు ఇవాళ ఎందుకో ఒక లిప్త ఎక్కువ సాగింది అనిపించడంలోనే ఉంది భయమంతా. ఉయ్యాల పక్కన కూర్చున్న బాలనాగమ్మకు ఏం వినబడుతుందో ప్రేక్షకుడికీ అదే వినబడుతుంది. వాడి చోటు ఉయ్యాల పక్కన, గీతకు లోపలివైపు.

ఇక్కడ ఈ ఉపన్యాసం ఎవరి పేర జరుగుతోందో ఆయన సంగతి చెప్పాలి. ఇంటివాళ్ళ కోరిక మీద పేరు పలకను. మాస్టారనే అంటాను, మీరూ అలాగే పిలిచేవారు. పగలు ఓవర్‌హెడ్ క్రేను నడిపేవారు, రాత్రి హార్మోనియం. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చేటప్పుడు ట్రంకు పెట్టెతో పాటు పద్యనాటకాన్నీ వెంట తెచ్చుకున్న తరం. క్యాబిన్‌లో కూర్చుని పద్యం పాడుకునేవారట. కింద వెల్డింగు చేసేవాళ్ళకు మనిషి కనబడడు, మెషిన్ల రొదలో మాట తెలియదు, రాగం ఒక్కటే పైనుంచి జారుతూ ఉండేది. మాస్టారు డ్యూటీలో ఉన్నారని వాళ్ళు దాన్ని బట్టే పోల్చుకునేవారని పాతవాళ్ళు చెబుతారు.

మనిషి లేని గొంతు. లెరూ కథకు ఆయువుపట్టు అదే. అద్దం వెనక నుంచి ఒక గొంతు వచ్చి ఆ పిల్లకు సంగీతం నేర్పుతుంది, ఆమె దేవదూత అనుకుంటుంది. తమాషా ఏమిటంటే, ఈ గొంతు కథను మొదట ప్రపంచమంతా చూసింది 1925లో, లాన్ చానీ నటించిన మూకీ చిత్రంగా! చానీ మొహంతో భయపెట్టాడు, అప్పటికి సినిమా చేతిలో ఉన్నది అదే. మన సంగతి వేరు. ప్లేబ్యాక్ వచ్చినప్పటి నుంచి తెలుగు ప్రేక్షకుడు ఒకరి ఒంట్లో ఇంకొకరి గొంతును ఏ పేచీ లేకుండా ఒప్పుకున్నాడు. రామారావు గారు పెదవి కదిపితే ఘంటసాల గారు వినబడటం మనకు వింత కాదు. ‘పాతాళభైరవి’లో ఒక తరం అలాగే ప్రేమలో పడింది. అద్దం వెనక గొంతు అనే ఊహ పడమటి వాళ్ళకు కథా వస్తువు, మనకు రోజూ వాడే పనిముట్టు. అయినా ఆ పనిముట్టుతో మనవాళ్ళు ఎక్కువగా యుగళగీతాలే తీశారు, భయం తీసింది తక్కువ. ఫకీరు మొహం చూపించకుండా ఫకీరు పాట వినిపించే ధైర్యం ఎవరైనా చేసి ఉంటే బాగుండేది.

ఇప్పుడు దానికి సాంకేతిక సదుపాయమూ ఉంది. కొత్త థియేటర్లలో అట్మాస్ పేరుతో పైకప్పులో కూడా స్పీకర్లు పెడుతున్నారు. వాటిని వర్షానికీ హెలికాప్టర్లకీ వాడుతున్నారు. జంగమదేవర గంటను తెర వైపు నుంచి కాక వెనక వరస తలుపు దగ్గర నుంచి మొదలుపెట్టి, రాగాన్ని నెత్తి మీదుగా జరిపి, బాలనాగమ్మ తలెత్తే సమయానికి పైనుంచి దింపితే ఎలా ఉంటుందో ఊహించండి. షాండిలియర్‌ను మళ్ళీ ప్రేక్షకుడి నెత్తి మీద వేలాడదీసినట్టే. గీత దాటే ఆ మూడడుగులూ కట్ లేకుండా ఒకే షాటు. కెమెరా ఉయ్యాల దగ్గరే ఆగిపోవాలి. ఆమె వెళ్ళిపోతుంది, మనం పసివాడి దగ్గర మిగిలిపోతాం. కుక్కగా మారడం చూపించనే వద్దు. బయట మొరుగు వినబడితే చాలు.

కుక్కగా మార్చడం లాంటి మాయల దగ్గర ఇంకో చిక్కుంది. సినిమా మాయ పాతబడిపోతుంది. 1942లో నోరెళ్ళబెట్టి చూసిన ట్రిక్కు షాటు 1959కి మామూలైంది, ఇప్పుడు పిల్లలు నవ్వుతారు. గ్రాఫిక్స్‌కైతే పదేళ్ళ ఆయుష్షు కూడా లేదు. సురభి మాయ మాత్రం పాతబడలేదు. కారణం చెబుతాను. ఒకసారి సురభి ప్రదర్శన జరుగుతుండగా పక్క తెరల చాటున నిలబడి చూశాను. ముందు జనం ఆకాశంలో ఎగిరే పాత్రను చూస్తున్నారు. వెనక చీకట్లో ఒకాయన అరచేతులకు గుడ్డ చుట్టుకుని, పాదం గుంజకు తన్నిపెట్టి, తాడు పట్టుకుని ఉన్నాడు. వేదిక వైపు చూడటం లేదు. తల వంచుకుని పద్యం వింటున్నాడు. మూడో పాదం అయ్యేసరికి పట్టు బిగించాడు, నాలుగో పాదం రాగంలో ఉండగా వదలడం మొదలుపెట్టాడు, తబలా ముక్తాయింపుకు పాత్ర కాళ్ళు నేలకు తాకాయి. పక్కన నాలుగైదేళ్ళ పిల్ల, తర్వాతి సీనులో వేషం ఉన్నదై ఉంటుంది, మొహానికి రంగుతో, ఆ తాడు కొసను రెండు చేతులా పట్టుకుని తనూ లాగుతున్నాననుకుంటోంది.

తీగ ఉందని ప్రేక్షకుడికి తెలుసు. దీపం వెలుతురులో ఒక్కోసారి మెరుస్తుంది కూడా. నమ్మమని సురభి ఎవరినీ అడగదు, కాబట్టి ఎవరూ అపనమ్మకంతో తిరగబడరు. సినిమా నమ్మమంటుంది, నమ్మించలేకపోయిన రోజున నవ్వులపాలవుతుంది. ‘పాతాళభైరవి’ 1951లో సినిమాగా వచ్చాక సురభి వాళ్ళు దాన్ని వేదిక మీదికి తెచ్చారు. తెర నుంచి నాటకానికి నడిచిన ఆ కథ ఇప్పటికీ ఆడుతూనే ఉంది. బి.వి. కారంత్ అంతటి దర్శకుడు సురభి వాళ్ళతో కూర్చుని పనిచేశాడంటే, ఆ తాడు పట్టులో ఆయనకు ఏదో కనబడే ఉంటుంది.

సినిమావాళ్ళను తాళ్ళు వాడమని చెప్పడం లేదు. కానీ ఒక పని చేయొచ్చు. మన పాశమైలారం, బొల్లారం వైపు మూతబడిన షెడ్లున్నాయి. ఎత్తైన కప్పు, కప్పు పొడుగునా పట్టాల మీద క్రేను. ఫకీరు గట్టును కంప్యూటర్లో కట్టే బదులు ఆ షెడ్డులో కట్టండి. మనిషిని గాల్లోకి లేపాలంటే పైన క్రేను ఉంది, నడిపేవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. బాలనాగమ్మ చెర కోసం సంగారెడ్డి పాత జైలు ఉంది. 1796 నాటిది, ఇప్పుడు మ్యూజియం. టికెట్టు కొని ఖైదీగా ఒక రోజు ఉండొచ్చనే పథకం పెట్టినప్పుడు దేశమంతా వింతగా చెప్పుకున్నారు. ఆ గోడల మధ్య ఒక పద్యం పాడి చూడండి. స్టూడియోలో రికార్డు చేసిన గొంతుకు అక్కడి ప్రతిధ్వని పట్టదు. పాడేవాళ్ళను అక్కడే నిలబెట్టి అక్కడే రికార్డు చేయాలి. ఖర్చు పెరుగుతుంది, టేకులు పెరుగుతాయి. పెరగనివ్వండి.

పద్యం అన్నాను కాబట్టి దాని నిడివి సంగతి. సినిమావాళ్ళు పద్యాన్ని చూసి భయపడేది అక్కడే. నాటకంలో నాలుగు పాదాలు ముగిశాక అసలు రాగం మొదలవుతుంది. హాలు ‘వన్స్ మోర్’ అంటే చచ్చిన పాత్ర కూడా లేచి మళ్ళీ పాడిన సందర్భాలున్నాయని ముసలివాళ్ళు నవ్వుతూ చెబుతారు. ఎడిటరు ఇదంతా కోసేస్తాడు. పద్నాలుగేళ్ళ చెరను క్యాలెండరు కాగితాలు ఎగరేసి అర నిమిషంలో దాటిస్తాడు. నాటకంలో ఆ పద్నాలుగేళ్ళు ఎక్కడ ఉండేవో తెలుసా? రాగంలో ఉండేవి. ఆమె ఒక స్వరం మీద ఆగి, దిగకుండా, పైకి పోకుండా, అక్కడక్కడే తిరుగుతుంటే, ఎప్పుడు ముగుస్తుందా అని మీరు కుర్చీలో కదిలితే, అదే చెర. ప్రేక్షకుడి ఓపికను కొంచెం పరీక్షించకుండా ఎదురుచూపును చూపించలేం. ఒక్క పద్యానికైనా ఆ సమయమివ్వాలి. తక్కినవి ఎడిటరు ఇష్టం.

చివరగా సంగు గురించి. ‘ఫాంటమ్’ ముగింపులో ఆ పిల్ల జాలిపడి వాణ్ణి ముద్దు పెట్టుకుంటుంది, వాడు ఆమెనూ ఆమె ప్రియుణ్ణీ వదిలేసి మాయమవుతాడు, ముసుగు మిగులుతుంది. మన ఫకీరుకు ఆ జాలి దక్కదు. చిలక కాలు విరిస్తే వాడి కాలు విరుగుతుంది, రెక్క విరిస్తే చెయ్యి పడిపోతుంది. ఆధునికంగా తీస్తున్నాం కదా అని బాలనాగమ్మను వాడి మీద జాలిపడనివ్వడం నాకు సమ్మతం కాదు. పద్నాలుగేళ్ళు చెరలో పెట్టినవాడి మీద చెర అనుభవించిన మనిషి ఎందుకు జాలిపడాలి? ప్రేమకథ కావాలంటే అది ఈ కథలో వేరే చోట ఉంది. ఫకీరును కోరుకున్న ఆడది సంగు. వాడు ఇంకొకామె నోము ఎప్పుడు ముగుస్తుందా అని లెక్కపెట్టుకుంటుంటే అదంతా కళ్ళారా చూసిన మనిషి ఆమె. 1942లో పుష్పవల్లి గారు వేసిన ఆ పాత్రను జనం వగలాడిగానే గుర్తుపెట్టుకున్నారు. చిలక చచ్చాక ఆ గట్టు మీద ఫకీరు కోసం ఏడవగలిగింది సంగు ఒక్కతే. జాలిపడమని బాలనాగమ్మను అడిగే పనిలేదు, సంగుకు ఇవ్వాలి ఆ ఏడుపు పద్యం. దాన్ని ఇంకా ఎవరూ రాయలేదు. పద్యం కట్టడం వచ్చినవాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారని నాకు తెలుసు. సభ అయ్యాక కనబడండి, కూర్చుని మాట్లాడుకుందాం.

ఇక ప్రశ్నలు. సీ షిఫ్టుకు పోవాల్సినవాళ్ళు ముందు అడగండి.